గట్లమ్మ తల్లి బోర్లా వెలసిన కథ

మడ చెట్లు దాటి పడవ దిగగానే, భక్తులారా, ముందు మీ కాళ్ళ కేసి చూసుకోండి. గుడి తర్వాత చూడవచ్చు. ఈ పాయలతిప్పలో నీరు పాటుకు తీసిన వేళ బురద మేట నిండా చిన్న చిన్న మళ్ళు తేలతాయి. చుట్టూ వేలెడెత్తు గట్లు. కట్టింది మనుషులు కాదు, తల మీద గుడ్లు మిటకరించుకొని చూసే బురద చేపలు. ఒక్కొక్క చేప నోటితో మట్టి మోసి తన మడికి గట్టు వేసుకొని, మూతి అటూ ఇటూ ఊపుతూ నాచుపొరను మేస్తుంది. ఈ గట్ల నడుమ, తాటాకు పాక కింద, మోచేతులు ఆనించి బోర్లా పడుకొని ఉన్న నల్లరాతి తల్లే గట్లమ్మ. అమ్మవారు నిలుచునీ కాక, కూర్చునీ కాక, ఇలా ఎందుకు వెలిసిందని వచ్చినవారందరూ అడుగుతారు. చెబుతాను, వినండి.

పూర్వం ఇక్కడ గుడి లేదు. సింహాద్రి, గంగులు అనే అన్నదమ్ములు ఈ మేట మీదే పీతలు పట్టుకొని బతికేవారు. తండ్రి పోయాక మేటలో ఎవరి పాలెంత అని తగవు మొదలైంది. సింహాద్రి భార్య పేరంటాలు ఇద్దరికీ చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి ఊరుకుంది. ఒకనాటి తెల్లవారుజామున ఆమెకు కలలో ఒక ముసలమ్మ కనిపించింది. మోచేతుల దాకా బురద. "నా బిడ్డలు ఎలా నడుస్తారో చూశావుటే?" అని అడిగి మాయమైంది. పేరంటాలుకు ఏమీ బోధపడలేదు.

ఆ ఉదయమే అన్నదమ్ములు హద్దు గుంజలు పాతడానికి మేట మీదికి వెళ్ళారు. ఒకడు పాతడం, ఇంకొకడు పీకడం. చేపల గట్లను తొక్కి, తొక్కిన చోటే మళ్ళీ తొక్కి, బురదను అంబలి చేసి పెట్టారు. చివరికి ఇద్దరూ ఎదురెదురుగా నడుముల దాకా దిగబడ్డారు. అప్పుడే పోటు తిరిగి నీరు ఎక్కసాగింది.

కేకలు విని పేరంటాలు మడ చెట్ల అంచుకు పరుగెత్తుకొచ్చింది. పడవ నడవడానికి నీరు చాలదు. చాలేసరికి మనుషులు మిగలరు. "అమ్మా, దారి చూపించు తల్లీ" అని చేతులు జోడించి తల వంచింది. ఆమె కాళ్ళ దగ్గరే ఒక బురద చేప రెండు రెక్కలూ మోచేతుల్లా ఆనించి, పొట్ట మీద జారుతూ పోతోంది. రవంతైనా దిగబడడం లేదు. పేరంటాలుకు కల గుర్తొచ్చింది.

"ఓ మావా! గంగులూ! నిలబడకండి. బోర్లా పడి, చేపలాగా మోచేతుల మీద పాకండి!"

"నేను ముందు పడితే ఆడి కాళ్ళ మీద పడినట్టే గదే!" అన్నాడు సింహాద్రి.

"వదినా, ముందు అన్నని పడమను. ఆనక నా సంగతి చూద్దాం" అన్నాడు గంగులు. పోటు నీటి తొలి నురగ అప్పటికే అతని నడుమును తాకుతోంది.

పేరంటాలుకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "మీ మొహాలకి ఎవడు మొక్కుతాడు! ఈ తిప్పలో అమ్మ ఉంది, అమ్మకి మొక్కండి!" అంటూ తానే ముందు బురదలో సాష్టాంగపడి వారివైపు పాకసాగింది. ఆమెను చూసి ఇద్దరూ ఒక్కసారే పడ్డారు.

వారి ముక్కుల నడుమ తొక్కుడు పడని గట్టు ఒక్కటి మిగిలి ఉంది. అటో చేప, ఇటో చేప. వీపు మీది రెక్కలు నిక్కించి, నోళ్ళు తెరచి, ఒకదాన్నొకటి బెదిరించుకుంటున్నాయి. ఇంతలో నీరొచ్చి గట్టును కరిగించింది. రెండూ చప్పుడు చేయక దేని బొరియలోకి అది దూరిపోయాయి.

"అన్నా, అచ్చం మనమే!" అని గంగులు బురద మూతితోనే ఫక్కున నవ్వాడు. సింహాద్రికీ నవ్వాగలేదు. నవ్వుతూనే తమ్ముడికి చెయ్యి చాచాడు. ఆ చేతికి బురద కింద చల్లగా ఒక రాయి తగిలింది. దానిని పట్టుగా చేసుకొని ఇద్దరూ కాళ్ళు ఊడబెరుక్కొని, పేరంటాలు వెనకే పాకుతూ గట్టెక్కారు. ముగ్గురూ మడ వేళ్ళ మీద కూలబడి, ఊపిరి తిరిగేదాకా ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదు.

మరునాటి పాటుకు ఆ చోట తవ్వితే, ఆ రాయే మోచేతులు ఆనించి బోర్లా పడుకున్న అమ్మవారై బయటపడింది. లేపి నిలబెడదామన్నాడు గంగులు. "నిలబడినోళ్ళ సంగతి నిన్న చూశాం గదయ్యా, అమ్మని అలాగే ఉండనీ" అంది పేరంటాలు.

నేటికీ ఇక్కడ హద్దు గుంజ పాతరు, చేప గట్టు తొక్కరు. మాటలు మానుకున్నవారు జంటగా వచ్చి, ఒక్కసారే సాష్టాంగపడి, మోచేతుల మీద అమ్మ దగ్గరకు పాకుతారు. ఎవరు ముందు మొక్కారని ఇక్కడ ఎవరూ అడగరు. తర్వాత ఇద్దరూ కలిసి నాలుగు దోసిళ్ళ మట్టితో ఒక గట్టు వేసి, పోటు దానిని కరిగించేదాకా పక్కపక్కన కూర్చుంటారు. ఆ పైన ఒకే పడవలో ఇంటికి వెళ్ళాలి. వేరే పడవ ఎక్కనివ్వదు గట్లమ్మ తల్లి.