బోడితల రాబందులకు టోపీలు

ఏటిగట్టు మీద ఎలుగుబంటి దొరగారి ఇటుకల బట్టీ ఉండేది. అక్కడ పనంటే ఒళ్లు హూనమే. దున్నలు మట్టి తొక్కాలి, గాడిదలు ఇటుకలు మొయ్యాలి. అందరి మీదా పెత్తనం మేస్త్రి కోటేశానిది. కోటేశం నక్క. ఇంకేం చెప్పమంటారు!

ఈ మహానుభావుడికి వారం వారం దయ పుట్టుకొచ్చేది. ఒక వారం పళ్లూడిన మొసలి మీద, ఇంకో వారం తోక తెగిన కోతి మీద. మధ్యాహ్నం కూలి ఉలవలు పెట్టే వేళకి సరిగ్గా బుట్ట పట్టుకుని దిగేవాడు. "బలవంతమేమీ లేదర్రా, మనసుంటేనే వెయ్యండి" అనేవాడు. మనసు లేనివాళ్లకి మర్నాడు కాలే బట్టీ పక్కన పని పడేది. అందుకని అందరికీ మనసుండేది.

గాడిద సూరమ్మ కూడా ఇన్నాళ్లూ నోరెత్తకుండా వేసింది. ఇప్పుడు నిండు చూలాలు. ఉలవల్లో సగం బుట్టలో పోస్తే, ఇటుకలెత్తుకోగానే అడుగు ముందుకు పడటం లేదు. కడుపులో బిడ్డ కదలడం తగ్గిందని భయం పట్టుకుంది.

"ఈ వారం ఎవరికట?" అని దున్నపోతు గంగులుని అడిగింది.

"బోడితల రాబందులకి టోపీలట. గిజిగాళ్లకి మన ఉలవలిచ్చి కుట్టిస్తాడట. దొరగారొచ్చి మేస్త్రికి శాలువా కప్పుతారట."

"ఉలవలు మనవి, శాలువా వాడికా? బాగుంది సంబడం!"

"మెల్లిగా అక్కా, వింటాడు. నీ కడుపు చూసుకో."

"చూసుకుంటున్నాను కాబట్టే ఒళ్లు మండుతోంది!"

దొర వచ్చాడు. పక్కన ఓ ముసలి రాబందుని కూచోబెట్టారు. కోటేశం ఉపన్యాసం దంచాడు. దొర ముందు గొప్పగా ఉంటుందని, "ఏం సూరమ్మా, నీ వంతు ఇంకా పడలేదే?" అని అందరూ వినేలా అడిగాడు.

సూరమ్మ ముందుకొచ్చింది. "వేస్తాను బాబూ. పెద్దల్ని చూసి నడిచేదాన్ని. తమరి కూట్లోంచి తమరెంత వేశారో చెబితే, నేనూ అంతే వేస్తాను."

కోటేశం దగ్గాడు. "నేనా? నేను వసూలు చేస్తున్నాగదమ్మా!"

దొర చెవి గోక్కున్నాడు. "అవున్రా, ఇంతకీ నువ్వేం వేశావు?"

"నాకు మీరిచ్చే కూలి కోడి కదండీ. కోడితో టోపీ ఎలా కుడతారు దొరా?"

అంతసేపూ కునికిపాట్లు పడుతున్న రాబందు చటుక్కున కళ్లు తెరిచింది. "టోపీ ఎవడిక్కావాలయ్యా? ఈ ఎండకి తలకి కాస్త గాలి తగలాలి. నన్నెవరన్నా అడిగారా? అది సరేగానీ, కోడి ఉందన్నారూ?"

దున్నలూ గాడిదలూ ఘొల్లుమన్నాయి. దొర పొట్ట పట్టుకుని నవ్వాడు. "తియ్యరా కోటేశం! ధర్మాత్ముడివి, నీకు సగమేమిటి, మొత్తం ఇచ్చెయ్!"

దొర మాట కాదంటే మేస్త్రీతనం పోతుంది. కోటేశం పొద కింద దాచుకున్న కోడిని ఏడవలేక నవ్వుతూ తెచ్చి బుట్టలో పెట్టాడు. రాబందు ఈకలతో సహా మింగింది. "వారం వారం ఉంటుందటగా మేస్త్రిగారూ, మళ్లీ ఎప్పుడు రమ్మంటారు?" అంది.

"ఉంటుంది, ఉంటుంది. ముందు వీడిది, తర్వాతే మిగతావాళ్లది" అన్నాడు దొర, శాలువా కప్పుతూ.

మరుసటి వారం కోటేశానికి లోకంలో కష్టాల్లో ఉన్న జీవి ఒక్కటీ కనపడలేదు. బుట్టేదయ్యా అంటే చెదలు పట్టిందన్నాడు. సూరమ్మ చివరి గింజదాకా తీరిగ్గా నమిలింది. కడుపులో బిడ్డ గట్టిగా ఒక్క తన్ను తన్నింది.

నీతి: దానం చెయ్యమని బుట్ట పట్టేవాడు ముందు తన కూడు అందులో వెయ్యాలి.