ఉడకబెట్టిన సారె

అనగనగా ఒక చిలకమ్మ. వయసు ముప్పై ఆరు. రోజూ పొద్దున్నే పొయ్యి రాజేసే ముందు బంగాళాదుంపల గంప దగ్గర కూర్చుని, వచ్చిన మొలకనల్లా బొటనవేలి గోటితో గిల్లి పారేసేది.

కథలో ముందు రాజుగారు రావాలి కదా అంటారు మీరు. వస్తాడు, కాస్త ఆగమనండి. ఇన్ని కథల్లో ముందు వచ్చాడు, ఒక్క కథలో వెనక వస్తే కిరీటం జారిపోదు.

చిలకమ్మ పుట్టింది కొండ మీద. పెళ్ళై వచ్చింది కొండ కింద పల్లానికి. వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. కొండ మీద ఎర్రతోలు దుంప పండుతుంది. చిన్నది, కోడిగుడ్డంత. నిప్పుల్లో కాలిస్తే తోలు పగిలి, లోపల పసుపు రంగులో గుల్లగా విచ్చుకుంటుంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ పుల్లతో పొయ్యిలోంచి మొదటి దుంపను ఇవతలికి లాగి, "ఇదిగో, ముందు నీకే" అనేది. చిలకమ్మ దాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి ఎగరేసుకుంటూ, ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ, నాలుక కాల్చుకుంటూ తినేది.

పల్లంలో పండేవి తెల్లతోలువి. నీళ్ళ దుంపలు. ఎంత ఉప్పు వేసినా నాలుక్కి తెలియవు. పైగా అత్తవారింట్లో మగవాళ్ళు తిన్నాక, పిల్లలు తిన్నాక, అత్తగారు తిన్నాక, గిన్నె అడుగున మిగిలింది కోడలిది. పద్దెనిమిదేళ్ళలో ఆమె వేడిగా ఒక్క ముద్ద తిన్న పాపాన పోలేదు.

ఏడాదికోసారి పుట్టింటికి వెళ్ళొచ్చేది. వచ్చేటప్పుడు సారెలో ఎర్రతోలు దుంపలు మూటకట్టి ఇచ్చేవారు. ఎప్పుడూ ఉడకబెట్టినవే. "దారిలో ఆకలేస్తే తింటావని" అనేది అమ్మ. ఇల్లు చేరేసరికి అవి చల్లారిపోయేవి. నలుగురికీ పంచితే ఆమెకి తొక్కలు మిగిలేవి. ఆ తొక్కలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, అప్పుడు పారేసేది.

అమ్మ పోయి నాలుగేళ్ళు. అమ్మతోపాటు ఆ మొదటి దుంపా పోయింది. చిలకమ్మకి నగల మీద మనసు లేదు, చీరల మీద లేదు. ఒక్క ఎర్రతోలు దుంప, నిప్పుల్లోంచి తీసింది, వేడి వేడిగా, అందరికంటే ముందు తినాలి. అదీ ఆమె కోరిక. ఎవరికైనా చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

ఇంటి వెనక నాలుగు మంచాలు పట్టేంత చోటుంది. వానాకాలమంతా చిలకమ్మ అక్కడ రాళ్ళు ఏరింది. దసరా నాడు మొగుడు పోలినాయుడు కడుపునిండా తిని కూర్చున్న వేళ చూసి అడిగింది.

"ఏమయ్యా, వెనక చోట్లో దుంపలు వేసుకుంటాను."

"అక్కడ దున్నలకి కొట్టం కడదామనుకున్నానే!"

"దున్నలు ఇప్పుడున్న చోట సుఖంగానే ఉన్నాయిగా."

"అయితే నువ్వు సుఖంగా లేవా ఏంటి?"

చిలకమ్మ ఎంగిలి కంచం తీసింది. కొన్ని ప్రశ్నలు జవాబు కోసం అడిగేవి కావు.

"సరేలే," అన్నాడు పోలినాయుడు, ఇంట్లో నలుగురూ వింటుండగా. "మార్గశిర పున్నమి నాటికి ఆ చోట పచ్చగా కనపడాలి. లేకపోతే మర్నాడే గుంజలు పాతేస్తా."

ఇప్పుడు రాజుగారు రావచ్చు.

కోట ముందు రాజుగారి విత్తనాల కొట్టు ఉంది. దసరా వెళ్ళాక మూడు రోజులు రాజుగారే అరుగు మీద కూర్చుని విత్తనం పంచుతాడు. ఈ ఏడు కొత్తగా కొండ నుంచి తెప్పించిన ఎర్రతోలు దుంపలు అక్కడ రాశులు పోసి ఉన్నాయి. చిలకమ్మ వరసలో నిలబడి, తన వంతు వచ్చాక కొంగు పట్టింది.

"భూమి ఎవరిదమ్మా?" అన్నాడు రాజు.

"రాళ్ళు ఏరింది నేను, తవ్వింది నేను మహారాజా."

"తవ్వింది ఎవరని అడగలేదు. భూమి ఎవరిదని అడిగాను."

"మా ఆయనది."

"మరి ఆయన్ని రమ్మను. భూమి ఉన్నవాడి చేతికే విత్తనం. అది మా వంశాచారం."

చిలకమ్మ ఇంటికొచ్చి చెబితే పోలినాయుడు మీసం దువ్వుకున్నాడు. "గుప్పెడు దుంపల కోసం నేను చేతులు కట్టుకుని నిలబడాలా? నాకేం పని లేదనుకున్నావా?" అన్నాడు. అరుగు మీదే కూర్చుని అన్నాడు.

రాజుగారి పని ఇంతటితో అయిపోయింది. ఆయన చెడ్డవాడు కాదు. అడగవలసిన ప్రశ్న తప్ప తక్కినవన్నీ అడిగాడు.

చిలకమ్మ సంతకి వెళ్ళింది. సంతలో వరహాలు అనే వర్తకుడి దుకాణంలో ఎర్రతోలు దుంపలు నున్నగా, నిగనిగలాడుతూ, ఒక్క ముడత లేకుండా ఉన్నాయి. 

"విత్తనానికి పనికొస్తాయా వరహాలు బాబూ?"

"అమ్మా, వీటిని చూస్తే రాయి కూడా మొలకెత్తుతుంది!" అన్నాడు వరహాలు.

చిలకమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి చెంబు ఇచ్చి గంపెడు దుంపలు తెచ్చుకుంది. బోదెలు తీసి పాతింది. రోజూ పొద్దునా సాయంత్రం వెళ్ళి చూసింది. వారమైంది. రెండు వారాలైంది. ఇరవై అయిదో రోజున మట్టి తీసి చూస్తే దుంపలు దుంపల్లాగే ఉన్నాయి. కొన్ని కుళ్ళాయి.

అప్పుడు బోదె చివర కన్నంలోంచి ఒక ఆడ పందికొక్కు తల బయటపెట్టింది.

"వాటిని నేనే ముట్టలేదమ్మా," అంది. "పొగ కంపు. వర్తకులు మొలకలు గిల్లేసి, మళ్ళీ రాకుండా పొగబెడతారు. నున్నగా కూర్చునేదే బేరానికొస్తుంది. మొలకెత్తే దాన్ని ఎవరు కొంటారు?"

"ఈ మాట ముందే చెబితే నీ సొమ్మేం పోయిందే?" అంది చిలకమ్మ ఏడుపూ కోపమూ కలిసిన గొంతుతో.

"నువ్వు అడిగితేగా! మమ్మల్ని చూడగానే చీపురెత్తుతారు గానీ మాటెవరు అడుగుతారు? పిల్లల తల్లిని, నా భయం నాది. పొగబెట్టని దుంప కావాలంటే అది పుట్టిన చోటికే వెళ్ళు."

పున్నమి ఇంకా నాలుగు వారాలుంది. చిలకమ్మ కొండెక్కింది.

అన్న గంగునాయుడు చెల్లెల్ని చూసి ఎదురొచ్చి మూట అందుకున్నాడు. వదిన దాలమ్మ కాళ్ళకి నీళ్ళిచ్చింది. ఆ పూట కోడి కోశారు. దుంపల కూర, దుంపల పులుసు, దుంపల వేపుడు. "తిను చెల్లీ, ఇంకా తిను. చిక్కిపోయావు," అని అన్న కొసరి కొసరి వడ్డించాడు.

తిని చెయ్యి కడుక్కుని చిలకమ్మ అడిగింది. "అన్నయ్యా, పచ్చివి కాసిని ఇవ్వవూ? విత్తనానికి."

గంగునాయుడు పకపకా నవ్వాడు. "పిచ్చిదానా! ఆడపిల్లకి పచ్చి దుంప ఇస్తారా ఎక్కడైనా? అమ్మితే ఫరవాలేదు గానీ, ఆడపిల్లకి ఇస్తే పంట కొండ దిగిపోతుంది. తాతల నాటి కట్టు. అందుకేగా సారెలో ఉడకబెట్టి ఇచ్చేది!"

చిలకమ్మ చెయ్యి తుడుచుకుంటున్నది తుడుచుకుంటున్నట్టే ఆగిపోయింది.

"దారిలో ఆకలికని అమ్మ చెప్పింది."

"అమ్మ నీకలా చెప్పింది. అమ్మకి వాళ్ళమ్మ అలాగే చెప్పి ఉంటుంది. ఇప్పుడు నీకేం తక్కువ చేశాం? నీ మీద ప్రేమ లేదా మాకు?"

"ఉందన్నయ్యా. ఏడాదికో మూటెడు ప్రేమ. మళ్ళీ మొలవకుండా జాగ్రత్తగా ఉడకబెట్టింది."

గంగునాయుడికి ఆ మాట అర్థం కాలేదు. చెల్లెలికి ఎండ దెబ్బ తగిలిందనుకుని మజ్జిగ ఇమ్మన్నాడు.

మర్నాడు పొద్దున దాలమ్మ దుంపలు ఉడకబెట్టింది. గంగునాయుడు పొయ్యి పక్కనే నిలబడి, నీళ్ళు తెర్లేదాకా చూసి, ఎద్దుల్ని తోలుకుని పొలానికి పోయాడు. దాలమ్మ మూట కట్టి ఆడపడుచుని ఊరి పొలిమేర దాకా సాగనంపింది. పొలిమేర రాయి దగ్గర దాలమ్మ ఆగింది.

"పైన ఉన్నవి దారిలో తిను చిలకమ్మా. అడుగున ఉన్నవి తినకు."

"ఏమున్నాయి వదినా అడుగున?"

"ఇరవై ఏళ్ళుగా ఈ కొండ తవ్వుతున్నాను. మా పుట్టింట్లో అల్లం పండుతుంది. నాకూ ఏటా ఉడకబెట్టే ఇస్తారు." అంతే అని వెనక్కి తిరిగి చకచకా వెళ్ళిపోయింది.

చిలకమ్మ దారిలో ఏమీ తినలేదు. ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుని మూట విప్పింది. ఉడికినవి పక్కన పెట్టింది. అడుగున తడి తగలకుండా ఆకులో చుట్టి మూడు దుంపలున్నాయి. చిన్నవి. ముడతలు పడ్డవి. సంతలో పెడితే పందికొక్కు తప్ప ఎవరూ చూడరు. ఒక్కో దాని మీద రెండు మూడు పొట్టి మొలకలు, ఊదా రంగువి, గట్టిగా, కొసన తడితో.

చిలకమ్మ మొదటి దుంప చేతిలోకి తీసుకుంది. బొటనవేలు దానంతటదే లేచింది. టప్పున ఒక మొలక విరిగి ఒళ్ళో పడింది.

దాన్ని తీసి అరచేతిలో పెట్టుకుని చూసింది.

ఎవరో గిల్లలేదు. రాజు గిల్లలేదు, వర్తకుడు గిల్లలేదు. తన వేలే. కాపురానికి వచ్చిన రోజున అత్తగారు గంప ముందు కూర్చోబెట్టి "మొలకొస్తే మెత్తబడిపోతుంది, గిల్లెయ్యి" అంది. ఆ రోజు నుంచీ వేలు ఆగలేదు. ఎందుకని అడగలేదు.

ఎనిమిది మొలకల్లో ఏడు మిగిలాయి. చిలకమ్మ బొటనవేలికి గుడ్డపీలిక చుట్టుకుంది. కత్తిపీట మీద ఒక్కో మొలకకి ఒక్కో ముక్క చొప్పున ఏడు ముక్కలు కోసింది. కోసిన వైపు బూడిద అద్ది, జానెడు దూరానికొకటి పాతింది. పందికొక్కు కన్నం ముందు ఉడికిన దుంపలు రెండు పెట్టి, "ఇవి నీకు. అవి నావి," అంది. పందికొక్కు సరేనంది.

పున్నమి వచ్చింది. పోలినాయుడు గుంజలు తెచ్చి ధనామని పడేశాడు. చిలకమ్మ చోటు మధ్యలో నిలబడి ఉంది.

"ఏదీ పచ్చదనం?"

చిలకమ్మ వేలితో నేల చూపించింది. మట్టి పగిలి, ఏడు చోట్ల ఎలుక చెవులంత ఆకులు.

"ఓస్, ఇంతేనా?"

"పచ్చగా కనపడాలన్నావు. ఎంత అని అనలేదు."

పోలినాయుడు వంగి చూశాడు, లేచి చూశాడు. అన్నమాట నలుగురిలో అన్నాడాయె. గుంజలు మళ్ళీ భుజానికెత్తుకున్నాడు.

ఫాల్గుణంలో చిలకమ్మ దుంపలు తవ్వింది. ఏడు మొక్కలకి గంపెడు వచ్చాయి. ఆ రోజే గంగునాయుడూ దాలమ్మా చుట్టపు చూపుగా కొండ దిగి వచ్చారు. మగవాళ్ళు పీటలు వాల్చుకుని కూర్చున్నారు. చిలకమ్మ పుల్లతో పొయ్యిలోంచి మొదటి దుంపను ఇవతలికి లాగింది. అందరూ చేతులు చాచారు.

"ఇదిగో, ముందు నీకే," అంది చిలకమ్మ తనతో తనే. ఈ చేతిలోంచి ఆ చేతిలోకి ఎగరేసుకుంటూ, ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ తినేసింది. నాలుక కాలింది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. అది అమ్మ రుచే. అమ్మ మాత్రం లేదు.

"మగాళ్ళు తినకుండానే!" అని అత్తగారు బుగ్గలు నొక్కుకుంది.

"నువ్వూ కూర్చో అత్తా." రెండో దుంప అత్తగారి చేతిలో పెట్టింది. ముసలావిడ కాసేపు దాన్ని చూసింది. డెబ్బై ఏళ్ళలో ఆమె చేతికి వేడి దుంప రావడం అదే మొదలు. ఊదుకుని తింది. తిన్నాక మగాళ్ళ సంగతి ఎత్తలేదు.

గంగునాయుడు తన వంతు కొరికి ఉలిక్కిపడ్డాడు. "ఇది మా కొండ దుంప! ఎవరిచ్చారు?"

"నేనే ఇచ్చాను," అంది దాలమ్మ. "నేను తవ్విన మడిలోవి. ఇరవై ఏళ్ళకి మూడు దుంపలు. ఎక్కువయ్యాయా?"

"పంట కొండ దిగిపోదూ?"

"ఈ ఏడు మనకి తగ్గిందా?"

గంగునాయుడు లెక్కలు వేసుకున్నాడు. తల గోక్కున్నాడు. "లేదు. కాస్త హెచ్చే," అన్నాడు. చిలకమ్మ అన్న చేతిలో ఇంకో దుంప పెట్టింది.

పిల్లలూ, సారెలో ఏం పెట్టాలని మిమ్మల్ని ఎవరైనా అడిగితే ఇలా చెప్పండి: ఎంత ప్రేమగా పెట్టినా, తిరిగి మొలవనిది పెడితే అది భిక్ష, మొలిచేది ఇస్తేనే వాటా.

తరవాత చిలకమ్మ ఇద్దరు కూతుళ్ళకి పెళ్ళి చేసింది. ఇద్దరి సారెలోనూ పచ్చి దుంపలే పెట్టింది.