మైలతుత్తం పోసిన బీడు

గుండ్లహళ్లి మెట్టలో బీరలింగప్ప అనే గొర్రెల కాపరి ఉండేవాడు. తెలియనిదేది కంటబడినా ముందు చంపి, తర్వాత అదేమిటని అడిగేవాడు. ఎలుకల్ని తినే జెర్రిపోతును చంపాడు. గుడ్లగూబను చంపాడు. ఎవరైనా మందలిస్తే, "నా అరవై గొర్రెలకేమన్నా అయితే నువ్వొచ్చి కాస్తావా?" అని ఎదురు తిరిగేవాడు. గొర్రెలంటే అతనికి అంత ప్రాణం, వాటి గురించి అంత భయం.

ఒక ఏడు ముసురు పట్టి గొర్రెల గిట్టలు పుండ్లు పడ్డాయి. కాపరులందరూ చేసినట్టే అతడూ మైలతుత్తం కలిపిన నీళ్లలో మందను నడిపించాడు. ఆ సాయంత్రం బీడులో గూటం పాతుతుంటే ఒక గరిక దుబ్బు పెళ్లగిలింది. దాని కింద తెల్లటి సన్నని దారాలు, వేళ్లను చుట్టుకుని మట్టినిండా అల్లుకుని ఉన్నాయి. ఆ దుబ్బు పట్టుకుని ఇంటికి పరుగెత్తాడు.

"బూజు. గిట్టలు తింటాండేది ఇదే," అన్నాడు భార్యతో.

"దొడ్డిలో బురద నిలిచింది గదయ్యా, దానికే పుండ్లు," అంది నింగమ్మ. "ఈ బూజు మీ నాయన కాలం నుంచీ ఉండేదే. ఏ గొర్రెకేం చేసింది?"

"చేసేదాకా చూస్తా కూచోమంటావా?"

మర్నాడు పీపాలకు పీపాలు మైలతుత్తం నీళ్లు, చివరి మూల తప్ప బీడంతా పోశాడు. నాలుగు రోజులకు ముసురు వెలిసింది, దొడ్డి ఆరింది, పుండ్లు మానాయి. అతడు మాత్రం అంతా తన మందు మహిమే అనుకున్నాడు.

మరుసటి తొలకరికి గరిక పాలిపోయి మొలిచి, అక్కడే ఆగిపోయింది. దాని మధ్య నుంచి వయ్యారిభామ కలుపు లేచింది. మోకాళ్లు దాటింది, నడుము దాటింది. పీకితే చేతులనిండా దద్దుర్లు. పీకిన చోటే పది రోజులకు మళ్లీ మొలిచేది. చివరికి దొడ్డి గుమ్మం దాకా వచ్చింది. ఆకలికి తాళలేక గొర్రెలు ఆ చేదు ఆకునే కొరికాయి. వాటి మూతులు వాచాయి. పాలు చేదెక్కి పిల్లలు పొదుగు వదిలేశాయి. తెల్లవారి దొడ్డి తలుపు తీయాలంటే బీరలింగప్ప గుమ్మం దగ్గరే ఆగిపోయేవాడు. ఈ రోజు ఎన్ని లేవవో అని భయం.

ఒకరోజు నింగమ్మ అతణ్ణి బీడు చివరి మూలకు లాక్కెళ్లింది. "మందు చాలక నువ్వు వదిలేసిన జాగా ఇది. చూడు," అంది.

అక్కడ గరిక చాపలా పరుచుకుని ఉంది. వయ్యారిభామ నాలుగే మొక్కలు, అవీ గిడసబారి ఉన్నాయి. ఆమె ఒక దుబ్బు పెకలించి తెల్లదారాలు చూపించింది. "గరికకు కూడు పెట్టేది ఇదేనేమో. దీన్నే గదా నువ్వు చంపినావు."

ఆమె మాట నిజమే. వేరు అందుకోలేని చోటి నుంచి ఆ శిలీంధ్రపు దారాలే గరికకు సారం తెచ్చి పెడతాయి. గరిక వాటిని పోషిస్తుంది. ఆ తోడు పోతే గరిక నీరసించిపోతుంది. వయ్యారిభామ మాత్రం తోడు లేకున్నా నెగ్గుకొచ్చే రకం.

ఇద్దరూ ఆ మూల గరికను మట్టిగడ్డలతో సహా తెచ్చి బీడంతా నాటారు. వయ్యారిభామను పూతకు రాకముందే పీకుతూ వచ్చారు. బీడు పచ్చబడడానికి మూడు వానకాలాలు పట్టింది. అప్పటికి మందలో మిగిలినవి పదకొండు.

వాటిని కొత్త గరికలోకి తోలాడు. ఆ చేదు ఇంకా మరవని గొర్రెలు గట్టు దగ్గరే ఆగి, నేల వాసన చూసి, ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి.

"తినండమ్మా, ఏం గాదు," అని బతిమాలాడు. ఒక్కటీ అడుగు వేయలేదు. బీరలింగప్ప గట్టు మీద కూలబడి ఏడ్చాడు.

నీతి: తెలియనిదల్లా శత్రువు కాదు, భయంతో తొందరపడి చేసిన పని, ఏ ఆపదకు భయపడ్డామో దాన్నే ఇంటికి పిలుచుకొస్తుంది.