ముత్తెపురేవు ఒడి భైరవస్వామి

సముద్రానికీ ఉప్పుటేరుకీ నడుమ, ఇసుకమెరక మీద ముత్తెపురేవు ఒడి భైరవస్వామి ఆలయం ఉంది. ఇతర క్షేత్రాలలో శునకం స్వామి పక్కన నిలబడి ఉంటుంది. ఇక్కడ మాత్రం జానెడున్నర పొడవున్న వంకరకాళ్ల చిన్న కుక్క స్వామి ఒడిలో నిద్రిస్తూ దర్శనమిస్తుంది.

పూర్వం ఇక్కడ ఉప్పుమళ్లు ఉండేవి. వాటిలో పనిచేసే జోగయ్యకు ఎర్రడనే కావలికుక్క ఉండేది. అది ముసలిదై పళ్లూడి, గట్టి తిండి తినలేకపోయింది. కరువు రోజులు. పనికిరాని నోటికి తిండి ఎందుకని జోగయ్య దానిని పడవలో తీసుకెళ్లి ఏటి అవతలి ఒడ్డున విడిచి వచ్చాడు.

మూడవనాడు కొత్త మడికి కాలువ తవ్వుతుండగా అతనికి మనిషి ఎముకలు కనిపించాయి. ఆ చేతుల వంపులో ఒక చిన్న జంతువు ఎముకలు, దాని మెడచుట్టూ నీలిగాజు పూసలు ఉన్నాయి. రోము దేశపు యవనుల ఓడలు ఒకప్పుడు ఈ రేవుకు వచ్చేవి. ఆ పూసలు వారివేనని పెద్దలు గుర్తించారు. ఉప్పు చెడుతుందని భయపడి, ఎముకలను సముద్రంలో కలపమన్నారు.

అలా కలిపేముందు, ఆ జంతువేదో తెలుసుకుందామని జోగయ్య విరిగిన ఎముకలకు కట్లు కట్టే సూరమ్మను పిలిపించాడు. ఆమె చిన్న దవడను చేతిలోకి తీసుకుని చాలాసేపు తడిమింది.

"ఇది కుక్కపిల్ల కాదు నాయనా, ముసలి కుక్క. జాతే పొట్టిది. పళ్లూడిన చోట ఎముక పూడుకుపోయింది చూడు. వెనకకాలు విరిగి అతికింది. పళ్లు లేకుండా ఏళ్లతరబడి బతికిందంటే, ఎవరో మెత్తగా మెదిపి పెట్టారు."

ఆ మధ్యాహ్నం తాటాకు పాక నీడలో జోగయ్యకు కునుకు పట్టింది. కలలో సముద్రం పాలలా తెల్లగా, అలలు లేకుండా ఉంది. ఓడ అంచున ఒక యవనుడు కూర్చుని, ఒడిలోని చిన్న కుక్కకు వేళ్లతో మెదిపిన అన్నం తినిపిస్తున్నాడు. చూస్తుండగానే ఆ ముఖం భైరవుని ముఖమైంది.

"నా వాహనం అవతలి ఒడ్డున ఉంది. తీసుకురా" అన్నాడు స్వామి.

జోగయ్య లేచి పడవ తోశాడు. ఎర్రడు తనను విడిచిన చోటనే, నీటివైపు చూస్తూ కూర్చుని ఉన్నాడు. అతన్ని చూసి తోక ఊపాడు గాని లేవలేకపోయాడు. జోగయ్య వాణ్ణి ఒడిలో పెట్టుకుని, ఏడుస్తూ తెడ్డు వేశాడు.

జోగయ్య కల విన్న ఊరివారు, మడిలో దొరికిన ఆ మనిషి ఎముకలనూ కుక్క ఎముకలనూ విడదీయకుండా అక్కడే పూడ్చి, పైన స్వామిని ప్రతిష్ఠించారు. ఎర్రడు మరి రెండు వానాకాలాలు బతికాడని చెబుతారు.

నేటికీ మార్గశిర బహుళాష్టమినాడు భక్తులు పాలన్నం మెత్తగా మెదిపి, ఊరిలోని ముసలి కుక్కలలో ఒకదానికి ముందుగా పెడతారు. అలా పెట్టినవారికి వృద్ధాప్యంలో చేయి విడవని తోడు దొరుకుతుందని విశ్వాసం. ఆ కుక్క తినడం ముగించేవరకు అర్చకులు హారతి వెలిగించరు. అది మెల్లగా తింటుంది. ఎంతసేపైనా అందరూ నిలబడే ఉంటారు.