అంబారీ మీద మూడో దశ

మణిశిల అనే రాజ్యం ఒకటి ఉండేది. అది ఏ కాలమో, ఏ నది ఒడ్డునో అడక్కండి. ఆ రాజుగారి బిరుదులు చదివేసరికే పొద్దు గూకేది కాబట్టి, మిగతా వివరాలు రాసిపెట్టే తీరిక ఆనాటివాళ్లకు దొరకలేదు. రాజుగారి పేరు ప్రతాపమార్తాండ భూపతి. దుర్మార్గులు కారు. తమకు తెలిసినదల్లా అందరికీ తెలిసి ఉండాలనుకునేవారు, అంతే. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆయన కొలువులో కొమ్మన అని ఒక చమత్కారి ఉండేవాడు. రాజుగారిని నవ్వించడం అతని పని. అది మనం అనుకున్నంత తేలికైన పని కాదు. రాజుగారు తమ మాటలకు తాము నవ్వుకోవడమే గానీ, మరొకరి మాటకు నవ్వడం అరుదు.

ఒకనాడు రాజుగారికి, ఉద్యోగాలు పరీక్ష పెట్టి ఇవ్వాలని తోచింది. ఆలోచన మంచిదే. అంతవరకూ ఆ రాజ్యంలో ఉద్యోగాలు మామగారి పలుకుబడితోనో, సరైన ఇంటికి చేరిన మామిడిపళ్ల బుట్టతోనో వచ్చేవి. కొమ్మన కూడా మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు.

పరీక్షకు మూడు దశలు పెట్టారు. మొదటిది వడపోత. నోటితో అడిగిన ప్రశ్నకు నోటితో జవాబు చెప్పాలి. గట్టెక్కితే చాలు, ఆ మార్కులు తర్వాత లెక్కలోకి రావు. రెండోది తాటాకుల మీద రాత పరీక్ష. మూడోది ముఖాముఖి. సింహాసనం మీద కొలువుదీరిన రాజుగారి ఎదుట నిలబడి జవాబులు చెప్పాలి.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ రాజుగారు కొత్త సంగతి ఏది విన్నా అది పాఠ్యప్రణాళికలో చేరిపోయేది. రత్నాల వర్తకుడు వచ్చి వెళ్లాడు, రత్నశాస్త్రం చేరింది. రాజుగారికి పన్ను నొప్పి పుట్టింది, దంతవైద్యం చేరింది. చలిదేశంలో ఏరులు రాయిలా గడ్డకడతాయని ఒక బాటసారి చెప్పాడు, అదీ చేరింది. చేర్చడమే గానీ తీసెయ్యడమన్నది లేదు. పరీక్షాధికారి శేషభట్టు గారు ప్రతిదాన్నీ శ్రద్ధగా కలుపుతూ పోయారు. ఆయన నడి వేసవిలో కూడా శాలువా కప్పుకునేవారు. చలికి కాదు, అది సన్మానంలో వచ్చిన శాలువా అని నలుగురికీ తెలియాలిగా.

ఈ పద్ధతిని ముందుగా పడమటి సీమలో అమల్లో పెట్టి చూశారు. అక్కణ్నుంచి కోనప్ప అనే పెద్దాయన కాళ్లకు దుమ్ముతో కొలువుకు వచ్చాడు.

"మహాప్రభో, మా చెరువు కట్ట ఊటెత్తుతోంది. తూము తెరిచి నీళ్లు వదలాలి. తెరవాలంటే అధికారి ముద్ర కావాలి. మా తూముల అధికారి నాగిరెడ్డిని తీసేశారు. కొత్తాయన రాలేదు. ఇంకో పెద్ద వాన పడిందంటే కట్ట తెగుతుంది. కింద మా ఊళ్లున్నాయి."

"నాగిరెడ్డి పరీక్ష తప్పాడు" అన్నారు శేషభట్టు గారు.

"దేంట్లో తప్పాడు సామీ?"

"గోమేధికానికీ పుష్యరాగానికీ తేడా చెప్పలేకపోయాడు."

"మా చెరువులో ఆ రెండూ లేవు సామీ."

రాజుగారు గొంతు సవరించుకున్నారు. "ఎంపిక జరుగుతోంది. మొదటి దశ పూర్తయింది. రెండో దశ మాఘంలో."

"కట్ట మాఘం దాకా ఆగదు ప్రభూ."

"ఆగమను" అన్నారు రాజుగారు. హాస్యానికి కాదు, నిజంగానే అన్నారు.

కొమ్మన ముసలాయన్ను బయటికి తీసుకొచ్చి, కుండలో మజ్జిగ ఇప్పించాడు. "నాగిరెడ్డి ఎక్కడున్నాడు తాతా?"

"ఊళ్లోనే నాయనా. పరీక్ష నెగ్గకుండా రాజుగారి పని ముట్టుకుంటే దేశంనుంచి వెళ్లగొడతామన్నారుగా. పాపం, కట్ట మీద కూచుని నీళ్లకేసి చూస్తుంటాడు."

"కొద్దిరోజులు ఓపిక పట్టు. వాన రాకుండా చూసుకో."

"వాన నా చేతిలో ఉందా?"

"అదీ నిజమే. అయితే నేనే త్వరపడతాను."

ఆ సాయంత్రమే రాజుగారు కొమ్మనను పిలిచి, ఈ పద్ధతిని రాజ్యమంతటా పెట్టబోతున్నామని, మంచి ముహూర్తం చెప్పమని అడిగారు. ముహూర్తాలకు జ్యోతిష్కులు ఉన్నారు. కానీ వాళ్లకు ఆ మధ్యనే నమూనాగా పరీక్ష పెట్టారు. దంతవైద్యంలో పోయారు.

"విజయదశమి నాడు విజయ ముహూర్తం ప్రభూ" అన్నాడు కొమ్మన. "ఇంత గొప్ప నియమానికి అంతకు తక్కువ ముహూర్తం పనికిరాదు. శంఖం ఊదిన మరుక్షణం అమలు."

"భేష్!"

"అందరికీనా ప్రభూ?"

"నా పని చేసే ప్రతి ఒక్కడికీ! పరీక్ష నెగ్గేదాకా ఎవడూ నా పని ముట్టుకోవడానికి వీల్లేదు."

వీధి వీధినా దండోరా వేశారు. కొమ్మన దండోరావాణ్ణి స్వయంగా ఏనుగుల సాలకు తీసుకెళ్లి, అక్కడ రెండోసారి కూడా గట్టిగా చెప్పించాడు.

విజయదశమి వచ్చింది. ఆనవాయితీ ప్రకారం రాజుగారు భద్రగిరి అనే పట్టపుటేనుగునెక్కి, ఊరి బయట జమ్మిచెట్టుకు పూజ చెయ్యడానికి బయల్దేరారు. ఏనుగు మెడ మీద మావటి పీరయ్య. వెనక నిచ్చెన మోసేవాళ్లు, గొడుగు పట్టేవాడు, భటులు, రౌతులు, వాళ్లతోపాటు శేషభట్టు గారు, కొమ్మన. భద్రగిరి పీరయ్య చెబితే తప్ప మోకాలు వంచదు. మహారాణి గారు బతిమాలినా వంచలేదని చెప్పుకునేవాళ్లు.

సరిగ్గా జమ్మిచెట్టు కిందికి వచ్చేసరికి శంఖం ఊదారు.

పీరయ్య అంకుశాన్ని అంబారీకి తగిలించి, ఏనుగు చెవి పట్టుకుని కిందికి జారి, రాజుగారికి దణ్ణం పెట్టి పక్కన నిలబడ్డాడు. గొడుగు ముడుచుకుంది. నిచ్చెన నేలను పడింది. భటులు ఈటెలు కింద పెట్టి చేతులు కట్టుకున్నారు. భద్రగిరి తీరిగ్గా జమ్మి ఆకులు మేయసాగింది.

"ఏమిట్రా ఇది? దింపండి నన్ను!" అని అరిచారు రాజుగారు.

ఎవరూ కదల్లేదు. కొమ్మన మాత్రం ముందుకొచ్చాడు. "ప్రభూ, ముహూర్తం దాటింది. వీళ్లెవరూ ఇంకా పరీక్ష నెగ్గలేదు. నేనూ నెగ్గలేదు. ప్రస్తుతం దారిన పోయేవాణ్ణి. ఏమైనా సాయం కావాలా?"

"శేషభట్టూ! ఇక్కడే పెట్టు పరీక్ష. పీరయ్యకు పెట్టు!"

తమకు తామే పరీక్ష పెట్టుకుని ముందే నెగ్గిన శేషభట్టు గారు శాలువా సర్దుకున్నారు. "పీరయ్యా, మొదటి దశ. మన రాజవంశ మూలపురుషుడు ఏ కొండ మీద తపస్సు చేశాడు?"

పీరయ్య తల గోక్కున్నాడు. ఈలోగా ఏనుగు పక్కకు జరిగింది. జమ్మి ముల్లొకటి రాజుగారి భుజానికి గుచ్చుకుంది.

"మేఘాద్రి, మేఘాద్రి అని చెప్పరా!" అని కేకేశారు రాజుగారు.

శేషభట్టు గారి ముఖం నల్లబడింది. "పరసహాయం జరిగింది. నియమం ప్రకారం ఈ అభ్యర్థికి ఈ ఏడాదికి అర్హత లేదు. క్షమించాలి, నియమం తమరు పెట్టిందే."

"అయితే ఆ నిచ్చెనవాణ్ణి అడుగు!"

అతనికీ అదే ప్రశ్న వేశారు. శేషభట్టు గారికి ప్రశ్నలు మార్చే అలవాటు లేదు. "మేఘాద్రండీ" అన్నాడు నిచ్చెనవాడు. అందరూ ఇప్పుడే విన్నదేగా.

"ఉత్తీర్ణుడు!"

"హమ్మయ్య. నిచ్చెన వెయ్యమను" అన్నారు రాజుగారు.

"వడపోతే కదా ప్రభూ గట్టెక్కాడు" అన్నాడు కొమ్మన. "ఇంకా రాత పరీక్ష ఉంది. తాటాకులు ఎండాలి, రాయాలి, దిద్దాలి."

"రాత పరీక్ష అక్కర్లేదు. నేరుగా ముఖాముఖి పెట్టండి. నేనిక్కడే ఉన్నాను కదా!"

"తమరు ఉన్నారు ప్రభూ. సింహాసనం లేదు. మూడో దశ సింహాసనం మీద కూచునే జరపాలని శాసనం."

"సింహాసనం మీద ఎలా కూచోనయ్యా? ముందు దిగాలి కదా!"

"దిగాలంటే నిచ్చెన వేసేవాడు కావాలి."

"వాడు కావాలంటే..." అంటూ ఆగిపోయారు రాజుగారు. ఆయన కిరీటం కొమ్మకు తగులుకుని ఊగుతోంది. "వాడు కావాలంటే నేను దిగాలి!"

"అవును ప్రభూ. పడమటి సీమవాళ్లదీ ఇదే ఇబ్బంది. కాకపోతే తమరు ఏనుగు పైన ఉన్నారు. వాళ్లు చెరువు కింద ఉన్నారు."

రాజుగారు పడమటి దిక్కుకు చూశారు. అక్కడ మబ్బు పట్టి ఉంది. అంత ఎత్తునుంచి అది బాగానే కనిపించింది.

"సరే వినండి. కొత్తవాడు వచ్చేదాకా పాతవాడు పని మానకూడదు. ఎవడి పనికి ఏది కావాలో అదే అడగండి. చాలా?"

"నాగిరెడ్డికి కూడానా?"

"వాడికీను! ముందు నన్ను దింపండి!"

"ముందు ముద్ర ప్రభూ."

రాజుగారు ముద్రికను వేలినుంచి పీకి విసిరారు. కొమ్మన దాన్ని ఒక రౌతు చేతికిచ్చాడు. గుర్రం పడమటి దారి పట్టి దుమ్ములో కలిసిపోయాక, పీరయ్య వైపు తల ఊపాడు. పీరయ్య ఏనుగు చెవిలో ఏదో అన్నాడు. భద్రగిరి నమలడం ఆపి మోకాలు వంచింది.

నేల మీద కాలు మోపాక గానీ రాజుగారికి కోపం రాలేదు. "కొమ్మనా! నేను పైనుంచి పడి పోయుంటే ఏమయ్యేది?"

"సింహాసనం ఖాళీ అయ్యేది ప్రభూ. కాకపోతే వెంటనే నిండేది. ఈ రాజ్యంలో పరీక్ష లేని ఉద్యోగం అదొక్కటే కదా."

శేషభట్టు గారి శాలువా జారినా సర్దుకోలేదు. రాజుగారు కొమ్మనను చూశారు, ఏనుగును చూశారు, కొమ్మకు వేలాడుతున్న తమ కిరీటాన్ని చూశారు. తర్వాత పగలబడి నవ్వారు. తమ మాటకు కాకుండా మరొకరి మాటకు ఆయన అంతగా నవ్వడం అదే మొదలని పాతవాళ్లు అనేవారు. తమ చేతి బంగారు కడియం తీసి కొమ్మనకు తొడిగారు. అది అతనికి వదులైంది. కానీ ఆ సమయంలో ఆ మాట అనడం బాగుండదని అతను అనలేదు.

రౌతు చేరేసరికి పడమటి సీమలో చినుకులు మొదలయ్యాయి. నాగిరెడ్డి కట్ట మీదే ఉన్నాడు. ముద్ర కళ్లకద్దుకుని తూము ఎత్తించాడు. ఆ వాన కుండపోతగా కురిసింది, కట్ట నిలిచింది.

మణిశిలలో పరీక్షలు ఆ తర్వాత కూడా సాగాయి. మూడు దశలూ ఉన్నాయి. రత్నశాస్త్రం మాత్రం రత్నాల కొట్టు అధికారికే మిగిలింది. శేషభట్టు గారు శాసనం చివర ఒక నియమం కొత్తగా చేర్చారు: రాజుగారు ఏనుగు మీద ఉండగా ఏ నియమమూ అమల్లోకి రాకూడదు.