ఖాళీ బండికి కొలత

బండి వెనక తొట్టిలో ఏం పరచాలో, పైన ఏం కప్పాలో తేల్చుకోలేక సిలార్ ఏడు నెలలుగా తిరుగుతున్నాడు.

పికప్ బండి అతని సొంతం. మిరపకాయలు, సిమెంటు, పెళ్లి సామాన్లు, ఏ కిరాయి దొరికితే అది తోలతాడు. గుంటూరు ఆటోనగర్‌లో ఇప్పుడు అతన్ని ఎరగని దుకాణం లేదు. వెళ్తాడు, చూస్తాడు, నమూనా ముక్క ఒకటి అడిగి తెచ్చుకుంటాడు. కొనడు.

ఆ గురువారం ముక్కలన్నీ సంచిలో వేసుకుని తన గురువు మదార్ బాబా దగ్గరికి వచ్చాడు.

అద్దంకి రోడ్డు పక్కన చిన్న దర్గా. దాని వెనక రేకుల షెడ్డు. అందులో కూర్చుని బాబా లారీల మీద కప్పే బరకాలు కుడతాడు. ఆయనకి శిష్యులు పదిమందికి మించరు. ఎవరైనా ఉపదేశం అడిగితే ముందు సూదిలో దారం ఎక్కించమంటాడు. ఎక్కించేలోపు చాలామంది అడగాల్సింది మర్చిపోతారు.

సిలార్ ముక్కల్ని వరసగా పరిచాడు.

"ఇది రబ్బరు, బాబా. సామాను కదలదు. కాకపోతే బరువు. ఇది ప్లాస్టిక్కు, తొట్టి ఆకారంలోనే వస్తుంది, దించి కూర్చోబెట్టడమే. దాని కింద నీళ్లు చేరితే మాత్రం రేకు తుప్పు పడుద్ది. ఇదేమో పూత. ఒకసారి కొట్టిస్తే ఇక ఊడదు."

"ఊడకపోతే మంచిదేగా."

"నచ్చకపోతేనో?"

"పెళ్లికొడుకువి అయ్యుంటే నీకు ఈ జన్మకి పిల్ల దొరికేది కాదురా," అన్నాడు బాబా. "సరే, పైకో?"

"ఇనప మూత ఉంది, తాళం పడుద్ది. చుట్టుకునే పరదా ఉంది. నాకు మాత్రం మీ బరకమే కావాలి. చుక్క దిగకూడదు."

"ఏం తోలడానికి?"

సిలార్ ముక్కలు ఏరి సంచిలో వేసుకున్నాడు. ఏం తోలడానికో బాబాకి తెలిసిందే.

సిలార్‌వాళ్లూ, అతని భార్య ఖాజాబీ వాళ్లూ దూదేకులవాళ్లే. ఆ చుట్టుపక్కల విల్లుతో దూది ఏకిన చివరి మనిషి ఆమె తండ్రి. ఆయన పోయాక ఖాజాబీ ఆ విల్లు తెచ్చుకుని సిలార్ ఇంటి దూలానికి తాడుతో వేలాడదీసుకుంది. పోయేముందు ఆయన ఏకిన బూరుగుదూది రెండు మూటలు ఉంటే, వాటితో చెల్లెలి పెళ్లికి రెండు పరుపులు కుట్టింది.

వాటిని పుట్టింటికి, వేటపాలెం తోలిన రోజు మబ్బు పట్టింది. ఏమన్నా కప్పు, అంది ఖాజాబీ. ఏం కాదులే, అన్నాడు సిలార్. చీరాల చేరకముందే వాన కొట్టింది. తొట్టి అడుగున బోల్టులకి తగిలి పరుపుల గుడ్డ చిరిగింది. ఆ చిరుగుల్లోంచి నీళ్లు తాగి దూది ఉండలు కట్టింది.

అక్కడితో ఊరుకున్నా సరిపోయేది. "దూదేగా, ఎండబెడితే ఆరుద్ది," అన్నాడు.

వేరే ఇంట్లో పుట్టినవాడైతే తెలియక అన్నాడనుకోవచ్చు. తడిసి ఉండకట్టిన దూది ఆరితే సరిపోదు, మళ్లీ ఏకాలి. ఆ దూదిని ఏకిన చెయ్యి అప్పటికే మట్టిలో ఉంది.

చెల్లెలి పెళ్లయ్యాక ఖాజాబీ పుట్టింట్లోనే ఉండిపోయింది. పది రోజులకి మనిషిని పంపి విల్లు తెప్పించుకుంది. విల్లు వేలాడిన తాడు మాత్రం సిలార్ ఇంట్లో దూలానికి అలాగే ఉంది. పొద్దున లేచి నిలబడితే తలకి తగులుతుంది. రోజూ తగులుతుంది.

"బండి సరిగ్గా చేయించుకుని వెళ్తాను, బాబా," అన్నాడు సిలార్. "ఈ వట్టి బండితో ఏ మొహం పెట్టుకుని పోను?"

"కొలత తెచ్చావా?"

సిలార్ చీటీ ఇచ్చాడు. పొడవు, వెడల్పు, కొక్కేల మధ్య దూరం, అన్నీ అంగుళాలతో సహా రాసి ఉన్నాయి. బాబా రెండుసార్లు చదివాడు. సూది అతని చేతికిచ్చాడు.

"దారం ఎక్కించు."

మళ్లీ గురువారానికి బరకం తయారైంది. ఇద్దరూ కలిసి బండి మీద పరిచి, తాళ్లు లాగి కొక్కేలకి కట్టారు. డప్పు మీద తోలు బిగిసినట్టు బిగిసింది. సిలార్ బిందెడు నీళ్లు తెచ్చి పైన పోశాడు. కింద దూరి చూశాడు. చుక్క లేదు. అతని మొహం వెలిగింది.

"ఉండు," అని బాబా షెడ్డులోకి వెళ్లాడు. తాను పడుకునే పరుపు చుట్టి, భుజాన వేసుకుని వచ్చాడు. బరకం ఒక పక్క విప్పించి చుట్టని తొట్టిలో నిలబెట్టాడు.

"ఇప్పుడు కట్టు."

సిలార్ ఒక పక్క కట్టి రెండో పక్కకి వచ్చాడు. అందలేదు. కాలు చక్రానికి తన్నిపెట్టి లాగాడు. కొక్కేనికీ తాడుకీ మధ్య ఇంకా మూరెడు మిగిలింది. పరుపు పక్కనంతా ఆకాశం కనిపిస్తోంది.

"ఇదేంటి బాబా, ఇందాక సరిపోయిందిగా!"

"ఖాళీకి కొలిచావు. ఖాళీకి బాగా సరిపోయింది."

సిలార్ తాడు వదిలేశాడు.

"కుట్టేటప్పుడే తెలుసుగా మీకు?"

"పన్నెండేళ్ల నుంచి బండి తోలుతున్నావు. సరుకు ఎక్కకుండా బరకం కొలవరని నీకు తెలియదా?"

సిలార్ కట్టిన పక్క కూడా విప్పాడు. బాబా తన పరుపు దించుకున్నాడు. ఆ చీటీ నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న కుట్టుమిషను కాలి కింద దోపాడు.

సిలార్ బరకం అక్కడే వదిలేసి బండి ఎక్కాడు.

వేటపాలెంలో అత్తగారు అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. బండి ఆగడం చూసి లేవలేదు.

"అల్లుడికి దారి గుర్తుందే! ఎవరన్నా చూపించారా?"

ఖాజాబీ బయటికి వచ్చింది. అతని వైపు చూడకుండా నేరుగా బండి వెనక్కి వెళ్లింది. తొట్టిలో చెయ్యి పెట్టి అరచేత్తో రేకు తడిమింది. బోల్టు తల దగ్గర చెయ్యి ఆగింది.

"ఇంకా ఏమీ పరవలేదే."

"తేలలేదు."

"ఏడు నెలలు ఏం చేశావు మరి?"

"ముక్కలు తెచ్చుకున్నా."

సంచి ఆమె ముందు పెట్టాడు. ఆమె రబ్బరు ముక్క తీసి వాసన చూసింది. "ఈ కంపు దూదికి పడుద్ది." ప్లాస్టిక్కుని వేలితో రాసి పక్కన పడేసింది. పూత వేసిన రేకు మీద కొంగు పెట్టి లాగింది. నూలుపోగు తగులుకుంది. "ఇది గుడ్డని కొరుకుద్ది."

"దూదేగా అన్నాను," అన్నాడు సిలార్.

"అన్నావు."

అత్తగారి చేతిలో చింతపండు కదలడం ఆగింది.

"తాడు అట్లాగే ఉంది," అన్నాడు.

"ఏ తాడు?"

"విల్లుది. దూలానికి."

"తీసెయ్యలేదా?"

"లేదు."

ఖాజాబీ లోపలికి వెళ్లింది. చాలాసేపటికి వచ్చింది. చేతిలో పరుపులు కుట్టే పురికొస. దానికి రెండు ముడులు. అతని చేతిలో పెట్టింది.

"కింద చెక్క వేయించు. బోల్టు తల ఒక్కటి కూడా పైకి కనపడకూడదు. ఎత్తు ఇదిగో. మొదటి ముడి ఆ రెండు పరుపుల దాకా."

సిలార్ కొస పట్టుకుని చూశాడు. మొదటి ముడి పైన జానెడు దూరంలో ఇంకోటి ఉంది.

"రెండోది?"

ఆమె అప్పటికే గడప దాటింది. అతను అక్కడే నిలబడ్డాడు. లోపల్నుంచి ఒక్కసారి, టంగుమని, విల్లు నారి మోగింది. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు.

"మంచినీళ్లన్నా తాగి పో, అల్లుడూ," అంది అత్తగారు.

మర్నాడు గురువారం కాకపోయినా సిలార్ షెడ్డుకి వచ్చాడు. పురికొస బాబా ముందు పెట్టాడు. బాబా దాన్ని నేల మీద సాపు చేసి, ముడుల మీద వేలు ఉంచి చూశాడు.

"ఇక్కడిదాకా పరుపులు. పైన ఈ జానెడు ఏమిటి?"

సిలార్ వంగి ఆ పై ముడిని తాకాడు.

"విల్లు, బాబా. మా ఇంటి దూలానికి."

"ఎవరు కొలిచారు?"

"ఆమే."

బాబా కొత్త బరకం గుడ్డ పరిచి, కత్తెర అందుకున్నాడు.