పైడితల్లి నోరు

సముద్రపు ఒడ్డున ఒక రాజ్యంలో పైడితల్లి అని చేపలమ్ముకునే మనిషి ఉండేది. కొత్వాలు రోజూ మంచి చేపలన్నీ ఊరికే ఏరుకుపోతుంటే, ఒకనాడు ఆమె సంత నడుమ అతన్ని నిలదీసింది. మర్నాటి నుంచి ఊళ్లో ఎవరూ అతనికి చేప ఇవ్వలేదు. మాటలతో ఊరిని రెచ్చగొట్టిందని కొత్వాలు ఆమెను న్యాయసభకు ఈడ్చుకొచ్చాడు. నేరం రుజువైతే దేశబహిష్కారమే.

"నీ తరఫున ఆస్థాన పండితులు మాట్లాడతారు. తప్పు ఒప్పుకుని క్షమాపణ వేడతారు," అన్నాడు న్యాయాధికారి.

పైడితల్లికి ఒళ్లు మండింది. "నా మాట నేనే చెప్పుకుంటాను బాబూ!"

"చదువూ సంధ్యా లేనిదానివి. నలుగురిని ఒప్పించేలా మాట్లాడడం నీకేం చేతనవును?"

"నలుగురిని ఒప్పించలేనిదాన్ని ఊరంతటినీ ఎలా రెచ్చగొట్టాను బాబూ? నాకు మాట చేతకాదంటారా, నేరమే లేదు. చేతనవునంటారా, చెప్పనివ్వండి."

న్యాయాధికారి కొత్వాలు వంక చూశాడు. ఆమెను మాట్లాడనివ్వొద్దని కొత్వాలు తల అడ్డంగా ఊపాడు. ఆమె నోరు విప్పకుండా ఉంటే చాలనుకుని, "నేరం లేదు, వెళ్లు!" అన్నాడు న్యాయాధికారి.

పైడితల్లి కదల్లేదు. కొంగు నడుముకు దోపుకుంది.

"నా మాటల్లో నేరం లేదని తమరే అన్నారు. ఇక భయమేంటి? వినండి," అని మొదలుపెట్టి, కొత్వాలు కొలువు ఊడేదాకా ఆపలేదు.